గట్టు తెగిన పొరలు: సాఫ్ట్‌వేర్ నిర్మాణం, నిర్వహణ, భద్రత

వైనతేయ గోదావరి సముద్రంలో కలిసే చోట, అల్లవరం మండలం ఓడలరేవులో ఓఎన్‌జీసీ ఆన్‌షోర్ టెర్మినల్ ఉంది. అమలాపురం తీరానికి ఎదురుగా కడలి అడుగున తవ్విన బావుల గ్యాస్ పైపుల్లో ఇక్కడికి చేరుతుంది. జీ-1, జీఎస్-15, ఆ తర్వాత వశిష్ఠ, ఎస్-1, 2020 నుంచి కేజీ-98/2 బ్లాకులోని యూ క్షేత్రం ఇలా ఒకటొకటిగా వచ్చి చేరాయి. సముద్రం నుంచి వచ్చిన గ్యాస్‌లోంచి ద్రవాలను వేరుచేయాలి, తేమ తీసేయాలి, పీడనం సరిచూడాలి. ఆ తర్వాతే అవతలి పైపులైనుకు అప్పగించాలి. అప్పగింతకు షరతులుంటాయి. తేమ ఇంతకు మించకూడదు, పీడనం ఇంత ఉండాలి. అవతలి గొట్టాన్ని ఆ షరతులను నమ్ముకునే వేస్తారు.

ఆ నమ్మకం వమ్మైతే ఏమవుతుందో వైనతేయకు ఆవలి ఒడ్డున నగరం గ్రామానికి తెలుసు. 2014 జూన్ 27 తెల్లవారుజామున అక్కడి గెయిల్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా కాలిపోయారు. అది తాటిపాక నుంచి కొండపల్లి వైపు గ్యాస్ మోసే లైను. పొడి గ్యాస్ కోసం వేసిన లైనులో నీరు, కండెన్సేట్ కలిసిన తడి గ్యాస్ పోతూ వచ్చిందనీ, లోపల తుప్పు పట్టి గొట్టం చిల్లుపడిందనీ విచారణలో తేలింది. తీసేవారు ఒకరు, మోసేవారు ఒకరు, వాడేవారు మరొకరు. ఎవరి పొరలో వారు పనిచేసుకుపోతున్నారు. రెండు పొరల మధ్య ఉన్న షరతు మాత్రం కాగితం మీదే ఉండిపోయింది. దాన్ని నిలబెట్టే యంత్రం లేదు.

సాఫ్ట్‌వేర్‌లో పొరల గురించి అరవై ఏళ్లుగా సాగుతున్న చర్చంతా నా దృష్టిలో ఈ అప్పగింత గురించే. ఎన్ని పొరలు గీశామన్నది కాదు, పొరల మధ్య షరతును ఎవరు, దేనితో నిలబెడుతున్నారన్నది అసలు ప్రశ్న. పొరలు సరిగా లేకపోతే నిర్వహణ కష్టమవుతుందనీ, భద్రత దెబ్బతింటుందనీ పాఠ్యపుస్తకాలు రెండు మాటలనూ ఒకే ఊపిరిలో చెప్పేస్తాయి. రెండూ నిజమే. కానీ వాటి కారణాలు ఒకటి కావు, మందు కూడా ఒకటి కాదు. ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్లే పటంలో చక్కగా కనిపించే వ్యవస్థలు కూడా కూలుతున్నాయి.

గీసిన గీత, నడిచే కోడ్

ఈ ఆలోచనకు తొలి గట్టి రూపం 1968 నాటిది. నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా తన బృందంతో కట్టిన ‘టీహెచ్‌ఈ’ ఆపరేటింగ్ సిస్టమ్‌ను సున్నా నుంచి ఐదు దాకా పొరలుగా పేర్చారు. ప్రాసెసర్‌ను ఎవరికి ఎప్పుడు ఇవ్వాలో అట్టడుగు పొర చూసుకుంటుంది. దాని మీద జ్ఞాపకశక్తి నిర్వహణ, దాని మీద ఆపరేటర్‌తో సంభాషణ, ఆపైన మిగతావి. ప్రతి పొర కింది పొరను మాత్రమే నమ్ముకుంటుంది. అందువల్ల కింది నుంచి ఒక్కొక్కటిగా పరీక్షించుకుంటూ పైకి రావచ్చు. ఐదో పొర యంత్రం ముందు కూర్చునే మనిషి. ఆ పొరను తాము కట్టలేదని డైక్‌స్ట్రా చమత్కరించాడు. తర్వాతి భద్రతా చరిత్రను చూస్తే ఆ చమత్కారంలో చాలా నిజం కనిపిస్తుంది.

1972లో డేవిడ్ పార్నాస్ దీన్ని మరో వైపు నుంచి చూశాడు. పని జరిగే వరుసను బట్టి ప్రోగ్రామును ముక్కలు చేయడం తప్పన్నాడు. ఏ నిర్ణయం రేపు మారవచ్చో దాన్ని ఒక ముక్కలో దాచిపెట్టాలి, మిగతా ముక్కలకు అది తెలియకూడదు. ఇదీ అతని వాదన. డేటాబేస్ మారవచ్చు, పన్ను లెక్క మారవచ్చు, తెర మీద బొమ్మ మారవచ్చు. ఈ మూడూ ఒకదానికొకటి తెలియకుండా ఉంటే ఒకటి మారినప్పుడు మిగతా రెండింటికీ నొప్పి ఉండదు. మనవాళ్లు రోజూ వాడే ‘త్రీ టయర్’ అమరిక, అంటే పైన తెర, నడుమ వ్యాపార నియమాలు, కింద డేటా, ఈ రెండు ఆలోచనల సంతానమే.

పటంలో ఈ మూడు పెట్టెలూ గీయడం బీటెక్ మూడో సంవత్సరం విద్యార్థికి చిటికెలో పని. నడిచే కోడ్‌లో మాత్రం ఆ గీతలు నిలవవు. ఎలా చెరుగుతాయో కోనసీమ రైతుకు వేరే చెప్పనక్కర్లేదు. కాలువ గట్టుకు రాత్రికి రాత్రి ఒకరు గండి కొట్టి తన చేనుకు నీళ్లు పెట్టుకుంటాడు. ఆ ఒక్క చేను పచ్చగానే ఉంటుంది, నష్టం శివారు ఆయకట్టుది. ప్రోగ్రామర్ కూడా అంతే. శుక్రవారం సాయంత్రానికి రిపోర్టు కావాలని పైనుంచి ఒత్తిడి వస్తే, నడిమి పొర తప్పించి తెర నుంచి నేరుగా డేటాబేస్‌కు ఒక క్వెరీ రాసేస్తాడు. పని అయిపోతుంది. అది తప్పని అప్పుడు ఎవరికీ అనిపించదు. ఆ దారి ఉందని మరుసటి వారం పక్క సీటులో కూర్చున్నవాడికి తెలుస్తుంది.

పొర దాటడంలో చాలా రకాలు ఉన్నాయి. ఒకటి మధ్య పొరను తప్పించి కిందికి దూకడం. రెండోది కింది పొర పై పొరను పిలవడం. ఇది మరీ ప్రమాదం, ఎందుకంటే వలయం ఏర్పడి ఏది లేకుండా ఏది నడుస్తుందో తెలియదు. మూడోది కనిపించనిది. డేటాబేస్ పట్టికలోని నిలువు వరుసల పేర్లు యథాతథంగా తెర దాకా పాకడం. పిలుపులన్నీ పద్ధతిగానే ఉంటాయి, రహస్యం మాత్రం కారిపోతుంది. ఇక నాలుగైదు అప్లికేషన్లు ఒకే డేటాబేస్‌ను పంచుకోవడం మన ప్రభుత్వ కార్యాలయాల్లో సర్వసాధారణం. ఏ పట్టిక ఎవరిదో ఎవరూ చెప్పలేరు, మార్చడానికి ఎవరూ సాహసించరు.

1997లో బ్రయన్ ఫుట్, జోసెఫ్ యోడర్ ఈ స్థితికి ‘మట్టి ముద్ద’ అని పేరుపెట్టి, ప్రపంచంలో అన్నింటికన్నా ఎక్కువగా వాడుకలో ఉన్న ఆర్కిటెక్చర్ ఇదేనని తేల్చారు. వాళ్లు దాన్ని వెక్కిరించలేదు. ఎందుకు అలా అవుతుందో ఓపికగా వివరించారు. గడువులు, డబ్బు, మారే అవసరాలు, వెళ్లిపోయే మనుషులు. ఆ వ్యాసాన్ని ఇప్పటికీ చదవదగినదిగా ఉంచేది ఆ సానుభూతే.

నిర్వహణ: ఆధారాలు ఏం చెబుతున్నాయి

పొరలు చెరిగితే నిర్వహణ ఖర్చు పెరుగుతుందన్న మాటకు చాలాకాలం అనుభవమే సాక్ష్యం. కొలిచి చూపించే పని 2000 తర్వాత ఊపందుకుంది. అలన్ మెక్‌కార్మాక్, జాన్ రుస్నాక్, కార్లిస్ బాల్డ్విన్ 2006లో ప్రచురించిన పరిశోధనలో మొజిల్లా, లినక్స్ కోడ్‌లను పక్కపక్కన పెట్టి చూశారు. ఒక ఫైల్‌లో మార్పు చేస్తే ఆ కుదుపు సగటున ఎన్ని ఫైళ్లకు పాకగలదో లెక్కగట్టారు. నెట్‌స్కేప్ నుంచి బయటికి వచ్చిన తొలి మొజిల్లా కోడ్ లినక్స్ కంటే బాగా చిక్కుపడి ఉంది. తర్వాత పనిగట్టుకుని దాన్ని విడదీశాక, లినక్స్ కంటే వదులుగా తయారైంది. చిక్కుపడిన కోడ్‌ను విడదీయడం అసాధ్యం కాదని చూపిన అరుదైన సాక్ష్యం ఇది.

2013లో ఎంఐటీలో డేనియల్ స్టర్టెవాంట్ సమర్పించిన సిద్ధాంత గ్రంథం ఇంకా ఘాటైనది. ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ సంస్థ లోపలి లెక్కలు తీసి, చిక్కుముడిలాంటి కేంద్రభాగంలో పనిచేసేవారి ఉత్పాదకత సగానికి పడిపోవచ్చనీ, లోపాల సాంద్రత మూడింతలు కావచ్చనీ, ఉద్యోగం వదిలి వెళ్లేవారి రేటు పదింతల దాకా పెరగవచ్చనీ చూపించాడు. మూడో అంకె దగ్గర నేను ఆగాను. హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో మంచి జీతం వదిలి మనిషి ఎందుకు పోతున్నాడో తెలియక హెచ్‌ఆర్ వాళ్లు తలలు పట్టుకుంటారు. కొందరిని తరిమేది జీతం కాదు, ఆ కోడ్.

అయినా ఈ ఆధారాలను కళ్లు మూసుకుని మింగకూడదు. కేంద్రభాగంలో ఉండే ఫైళ్లు స్వభావరీత్యానే కష్టమైన పని చేస్తాయి. లోపాలు చిక్కు వల్ల వచ్చాయా, పని కష్టం వల్ల వచ్చాయా అని పూర్తిగా విడదీయడం కష్టం. పైగా లినక్స్ ఉదాహరణ రెండు వైపులా కోస్తుంది. 1992లో ఆండ్రూ టానెన్‌బామ్ లినక్స్ కెర్నల్‌ను పాతకాలపు ఏకశిల అని తీసిపారేశాడు. కెర్నల్ చిన్నదిగా ఉండి, మిగతావన్నీ వేరు వేరు పొరల్లో ఉండాలన్నాడు. లినస్ టోర్వాల్డ్స్ ఒప్పుకోలేదు. ముప్పై ఏళ్లు దాటాక ఆ ఏకశిలే ఫోన్లలో, సర్వర్లలో నడుస్తోంది. అంటే పొరలు అనవసరమా? కాదు. లినక్స్‌లో రన్‌టైమ్ గోడలు లేవు కానీ, ఫైల్ సిస్టమ్‌లకూ డ్రైవర్లకూ మధ్య ఒప్పందాలు ఉన్నాయి. ప్యాచ్ పంపినవాడు గట్టు దాటితే ఆ విభాగాన్ని చూసుకునే మెయింటెయినర్ తిప్పి పంపుతాడు, అవసరమైతే తిట్టి మరీ. కాపలా యంత్రానిది కాదు, మనిషిది. నిర్వహణ దృష్టిలో అదీ పొరే.

పొరలు ఎక్కువైనా చిక్కే. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఇంజినీర్లే 2002 నాటి ఆర్‌ఎఫ్‌సీ 3439లో మితిమీరిన పొరలు హానికరమని ఒక విభాగమే రాసిపెట్టారు. ఒకే పనిని రెండు పొరలు వేరువేరుగా చేసుకుంటాయి, కింది పొర దాచిన సమాచారమే పై పొరకు కావలసివస్తుంది, వేగం తగ్గుతుంది. ఓఎస్‌ఐ ఏడు పొరల పటాన్ని పరీక్షలకు బట్టీపట్టిన మనందరం వాడుతున్నది అంతకన్నా తక్కువ పొరలున్న టీసీపీ-ఐపీనే.

అతికించలేని అతుకు

నిర్వహణకూ భద్రతకూ మధ్య అన్నింటికన్నా బలమైన లంకె ప్యాచ్. మార్చడానికి భయపడే కోడ్‌లో రంధ్రం బయటపడితే దాన్ని పూడ్చడానికీ భయమే. 2017 మార్చిలో అపాచీ స్ట్రట్స్ అనే ఫ్రేమ్‌వర్క్‌లో లోపం వెల్లడై, సవరణ కూడా విడుదలైంది. అమెరికాలో ప్రజల రుణ చరిత్రలు దాచే ఈక్విఫాక్స్ దాన్ని ఒక పాత ఫిర్యాదుల పోర్టల్‌లో సరిచేయలేదు. మే నెలలో దొంగలు అదే దారిలో దూరారు. జూలై ఆఖరుకు గానీ బయటపడలేదు. దాదాపు 14.7 కోట్ల మంది వివరాలు పోయాయి. ఆ స్ట్రట్స్ ఎక్కడెక్కడ వాడుతున్నామో సంస్థకే సరిగా తెలియదు. పొరలు చెరిగిన చోట జాబితా కూడా ఉండదు.

కథ అక్కడితో ఆగలేదు. లోపలికి వచ్చినవారికి గుప్తీకరించని యూజర్‌నేమ్‌లు, పాస్‌వర్డ్‌లు దొరికాయి. వాటితో ఆ పోర్టల్‌కు ఏ సంబంధమూ లేని 48 డేటాబేసుల్లోకి వెళ్లగలిగారు. ఫిర్యాదులు తీసుకునే ఒక కిటికీకి ఇంటి గదులన్నిటి తాళాలూ ఎందుకు అందాయి? నా ఉద్దేశంలో అసలు నేరం ప్యాచ్ వేయకపోవడం కన్నా ఇది పెద్దది. ప్యాచ్ ఎప్పుడో ఒకసారి ఎవరైనా మర్చిపోతారు. మర్చిపోయినా నష్టం ఒక గదికే ఆగాలి.

2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే అనే చిట్టా రాసే లైబ్రరీలోని లోపం ప్రపంచాన్ని వణికించింది. చిట్టా రాయడం మాత్రమే చేయవలసిన కింది పొర, తనకు వచ్చిన వాక్యంలో ఫలానా అక్షరాలు కనిపిస్తే నెట్‌వర్క్ మీదికి వెళ్లి కోడ్ తెచ్చుకునేది. ఆ సౌకర్యాన్ని 2013లో చేర్చారు. గుమాస్తాకు చెక్కు మీద సంతకం చేసే అధికారం ఇచ్చినట్టు. ఎనిమిదేళ్లు ఎవరూ అడగలేదు.

తెర చెప్పింది, డేటా నమ్మింది

మన దగ్గరికి వస్తే, 2017 మేలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ తరఫున అంబర్ సిన్హా, శ్రీనివాస్ కొడాలి ఒక నివేదిక ప్రచురించారు. నాలుగు ప్రభుత్వ పోర్టళ్ల నుంచి 13 కోట్లకు పైగా ఆధార్ నంబర్లు బహిరంగంగా కనిపిస్తున్నాయని వారి అంచనా. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వి. ఒకటి ఉపాధి హామీ చెల్లింపుల నివేదికలు, ఇంకొకటి చంద్రన్న బీమా. కేంద్రానికి చెందిన సామాజిక పింఛన్ల పోర్టల్ విషయంలో ఆ నివేదిక చెప్పిన సంగతి పొరల పాఠానికి నిలువెత్తు ఉదాహరణ. చిరునామాలో ‘నోలాగిన్’ అన్న మాటను ‘లాగిన్’ అని మారిస్తే చాలు, దాచి ఉంచిన వివరాలు తెరుచుకునేవి. అంటే ఎవరికి ఏది చూపాలన్న నిర్ణయం డేటా ఉన్న చోట జరగడం లేదు, బ్రౌజర్ చిరునామాలో రాసిన ఒక మాట మీద జరుగుతోంది.

మరుసటి ఏడాది 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్ వంతు. సుమారు 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు, కులం, మతం ఎవరైనా చూడగలిగేలా ఉన్నాయని కొడాలి బయటపెట్టారు. మతాన్ని, కులాన్ని బట్టి వెతుక్కునే వీలు కూడా ఉంది. ఇదంతా హ్యాకింగ్ కాదు. గుమాస్తా కోసం తయారుచేసిన నివేదిక తెర అదే రూపంలో ప్రజల ముందుకు వచ్చింది. పట్టికలోని వరుసలన్నీ తెర మీదికి పారాయి, నడుమ ఆపి అడిగే పొర లేదు. పారదర్శకత కోసమే పెట్టామన్న వాదన కొంతవరకు నిజం కూడా. ఉపాధి హామీలో కూలి ఎవరికి పడిందో ఊరికి తెలియాలన్నది సామాజిక తనిఖీ సూత్రం. పేరు, పనిదినాలు, కూలి చూపడానికి, ఆధార్ నంబరు చూపడానికి మధ్య తేడా పాటించే చోటు ఆ వ్యవస్థలో ఎక్కడా లేకపోయింది.

ఇది వింత లోపమేమీ కాదు. వెబ్ భద్రతలో ప్రపంచం అనుసరించే ఓవాస్ప్ జాబితా 2021 సంచికలో తొలి స్థానం అనుమతుల తనిఖీలో వైఫల్యానిదే. అంతకు ముందు 2017 సంచికలో అది ఐదోది. జెరోమ్ సాల్ట్‌జర్, మైకేల్ ష్రోడర్ 1975లోనే చెప్పారు, ప్రతి వస్తువును తాకే ప్రతిసారీ అనుమతి చూడాలని. తెర దగ్గర బటన్ దాచేస్తే సరిపోదు. అక్కడ బటన్ లేకపోయినా కింది పొరకు అభ్యర్థన నేరుగా పంపవచ్చు.

2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్‌లో సేవలు మొదలుపెట్టింది. మొదట్లోనే 161 సేవలు. ఓడలరేవు మనిషి ధ్రువీకరణ పత్రం కోసం అమలాపురం పోనక్కర్లేదు. పొరలు బాగున్న వ్యవస్థకు ఇది పండగ. కింద ఏమీ కదపకుండా కొత్త తలుపు పెట్టవచ్చు. అయితే పాత తెర మీద ఉన్న తనిఖీలను నమ్ముకున్న శాఖ ఏదైనా ఉంటే, కొత్త తలుపులో ఆ తనిఖీలు ఉండవు. కొత్త తెర తొడిగిన ప్రతిసారీ, ఏ రాష్ట్రంలోనైనా, కింది పొరలన్నీ మళ్లీ పరీక్షకు కూర్చున్నట్టే. ఈ పరీక్ష ప్రారంభోత్సవానికి ముందు జరగాలి.

ప్లాంటు వాళ్లకు తెలిసిన లెక్క

ఓడలరేవు టెర్మినల్ లాంటి చోట్ల కంప్యూటర్ల అమరికకు ప్రపంచమంతా వాడే నమూనా ‘పర్డ్యూ’. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో థియడోర్ విలియమ్స్ బృందం 1990ల మొదట్లో తయారుచేసింది. అట్టడుగున వాల్వులు, మీటర్లు. వాటి మీద వాటిని తిప్పే చిన్న కంట్రోలర్లు. ఆపైన కంట్రోల్‌రూమ్ తెరలు, ఆపైన ప్లాంటు నిర్వహణ, అన్నింటికీ పైన జీతాలు, బిల్లులు, ఈమెయిళ్లు. బిల్లుల ప్రపంచానికీ వాల్వుల ప్రపంచానికీ మధ్య ఒక తటస్థ మండలం పెట్టి, ఎవరూ నేరుగా దాటకుండా చూడడం తర్వాత చేరిన ఆచారం. మొదట్లో ఇది పని పంపకానికి గీసిన పటమే. భద్రతా నమూనాగా మారింది ఆ తర్వాత. ఆ మార్పిడిలోనే చిక్కు ఉంది.

2021 మేలో అమెరికాలో కొలోనియల్ పైపులైన్‌లోకి ఒక పాత వీపీఎన్ ఖాతా పాస్‌వర్డ్‌తో దొంగలు వచ్చారు. రెండో తనిఖీ లేదు. వారు చేరింది పై పొరలోని కార్యాలయ వ్యవస్థలకే. అయినా సంస్థ ముందుజాగ్రత్త పేరుతో దాదాపు 8,850 కిలోమీటర్ల పైపులైనును ఆపేసింది, 75 బిట్‌కాయిన్లు చెల్లించుకుంది. వాల్వులకు ఏమీ కాలేదు. కానీ తమ పొరల మధ్య గోడ నిలుస్తుందన్న భరోసా ఆ రోజు ఎవరికీ లేదు. గోడ ఉండడం ఒక ఎత్తు, ఉందని రుజువు చేయగలగడం ఇంకో ఎత్తు.

కూడంకుళం అణు విద్యుత్ కేంద్రం దీనికి ఎదురు ఉదాహరణ. 2019 సెప్టెంబరులో అణు విద్యుత్ కార్పొరేషన్ కంప్యూటర్ ఒకదానిలో మాల్‌వేర్ దొరికింది. మొదట ఖండన వచ్చింది, మర్నాడే ఒప్పుకోలు. పరిపాలన పనికి ఇంటర్నెట్‌తో కలిపిన యంత్రం అదనీ, రియాక్టర్ వైపు నెట్‌వర్క్ విడిగా ఉందనీ చెప్పారు. ఖండించిన తీరు బాగోలేదు, పొర మాత్రం పని చేసింది. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్‌కు ఆ అదృష్టం దక్కలేదు. సర్వర్లు గుప్తీకరణకు గురై రోజుల తరబడి ఓపీ చీటీలు చేత్తో రాశారు. నెట్‌వర్క్‌ను సరిగా విభజించకపోవడమే కారణమని ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది.

వీటన్నిటికన్నా ఎక్కువగా ఆలోచింపజేసేది 2017 నాటి ‘ట్రైటన్’. సౌదీ అరేబియాలోని ఒక పెట్రోరసాయన కర్మాగారంలో రక్షణ వ్యవస్థ ఆ ఏడాది తనంతట తానే ప్లాంటును ఆపేసింది. తవ్వి చూస్తే, ష్నైడర్ సంస్థ తయారుచేసిన ట్రైకోనెక్స్ రక్షణ కంట్రోలర్లలోకే మాల్‌వేర్ చేరింది. పీడనం హద్దు దాటితే, మిగతా అన్నీ విఫలమైనా, ప్లాంటును సురక్షితంగా ఆపవలసిన చిట్టచివరి పొర అది. దాన్నే పనికిరాకుండా చేసే ప్రయత్నం జరిగింది. దొంగలు కార్యాలయ నెట్‌వర్క్ నుంచి మెట్టు మెట్టుగా దిగి ఇంజినీర్ల కంప్యూటర్ దాకా వచ్చారు. కంట్రోలర్ మీద ఒక తాళంచెవి ఉంటుంది. దాన్ని ‘రన్’ స్థానంలో ఉంచితే ప్రోగ్రాము మార్చడం కుదరదు. అది ‘ప్రోగ్రామ్’ స్థానంలో వదిలేసి ఉంది. ఎందుకు? బహుశా మార్పులు చేయవలసి వచ్చిన ప్రతిసారీ లేచి వెళ్లి తిప్పడం విసుగు కావచ్చు. అదే గండి, ఈసారి తాళంచెవి రూపంలో.

రసాయన ఇంజినీర్లు రక్షణ పొరలను లెక్కించేటప్పుడు ఒక కఠిన నియమం పాటిస్తారు. రెండు పొరలు ఒకే సెన్సార్ మీద, ఒకే కంట్రోలర్ మీద, ఒకే మనిషి మీద ఆధారపడితే వాటిని రెండుగా లెక్కించరు, ఒకటే. ఒకటి చెడినా రెండోది చెడకుండా నిలిచేదే పొర. సాఫ్ట్‌వేర్ పొరల స్వభావం దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడ ప్రతి పొరా కింది పొర మీద నిలబడుతుంది. ఆధారపడడమే దాని ధర్మం. కింది పొర కూలితే పైవన్నీ కూలుతాయి. డైక్‌స్ట్రా పొరలు అర్థం చేసుకోవడానికీ, మార్చడానికీ కట్టినవి. ప్లాంటు పొరలు ఒకటి పోయినా మరొకటి కాచుకోవడానికి కట్టినవి. మూడంచెల అప్లికేషన్ గీసి మూడు రక్షణలున్నాయని చెప్పుకునేవారు ఈ రెండింటినీ కలిపేస్తున్నారు. మూడు అంచెలూ ఒకే సర్వర్ పాస్‌వర్డ్‌తో నడిస్తే ప్లాంటు ఇంజినీర్ లెక్కలో అది ఒక్క పొర.

ఈ సమీక్షలో నేను తేల్చుకున్నది ఇదే. పొరలు చెరిగితే నిర్వహణ, భద్రత రెండూ చెడతాయి. కానీ పొరలు చక్కగా ఉన్నంత మాత్రాన నిర్వహణ సులువవుతుందే తప్ప భద్రత దానంతటది రాదు. దానికి ఇంకో ఖర్చు పెట్టాలి. ప్రతి పొర తన అనుమతులను తానే చూసుకోవాలి, తన తాళాలు తనకే ఉండాలి, పై పొర శత్రువు చేతిలో పడిందనుకుని పనిచేయాలి. పరిశోధనలు కూడా ఇటే మొగ్గుతున్నాయి. 2016లో రిక్ కాజ్‌మన్, యువాన్‌ఫాంగ్ సాయ్ బృందం ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టుల్లో ఆర్కిటెక్చర్ లోపాలకూ భద్రతా లోపాలకూ సంబంధం ఉందని చూపింది. ఆ సంబంధం నిర్వహణ విషయంలో దొరికినంత గట్టి సాక్ష్యం మాత్రం కాదు. భద్రతా లోపం వెతికితేనే దొరుకుతుంది, వెతకని చోట లేనట్టే కనిపిస్తుంది.

గట్టు కాయడం

చెరిగిపోయిన పొరలను తిరిగి గీయడానికి పనికొచ్చే పద్ధతులు ఉన్నాయి. 1995లో గెయిల్ మర్ఫీ, డేవిడ్ నాట్‌కిన్, కెవిన్ సల్లివన్ ప్రతిపాదించిన ‘రిఫ్లెక్షన్ మోడల్’ సాదాసీదాది. మీరు అనుకుంటున్న పటం గీయండి, కోడ్‌లో నిజంగా ఉన్న పిలుపులను యంత్రంతో తీయించండి, రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టండి. ఎక్కడెక్కడ పటంలో లేని బాణాలున్నాయో కనబడతాయి. మైక్రోసాఫ్ట్ ఎక్సెల్ మీద కూడా దాన్ని వాడారు. జావా ప్రపంచంలో ‘ఆర్క్‌యూనిట్’ లాంటి పరికరాలు ఆ పనిని రోజువారీ పరీక్షగా మార్చాయి. ఎవరైనా గట్టు దాటే కోడ్ రాస్తే బిల్డ్ ఆగిపోతుంది. పాత గండ్లను ఒకేసారి పూడ్చమని చెప్పక, వాటి జాబితా రాసిపెట్టి, కొత్తవి పడకుండా ఆపడం మంచి ఎత్తుగడ. పాతవి ఒక్కొక్కటిగా తగ్గుతాయి, మొత్తం తిరగరాసే అవసరం రాదు. తిరగరాయడం మీద నాకు పెద్ద నమ్మకం లేదు. కొత్తగా రాసేదాకా పాతదానిలో మార్పులు ఆగవు కనుక.

పరికరాలు చాలా ఉన్నాయి, వాటికి డబ్బు ఇచ్చేవారే లేరు. మెల్విన్ కాన్వే 1968లో గమనించినట్టు, వ్యవస్థ ఆకారం దాన్ని కట్టిన సంస్థ ఆకారంలోనే ఉంటుంది. మన ప్రభుత్వ టెండర్లు ఫీచర్లకు డబ్బిస్తాయి, ఇన్ని స్క్రీన్లు, ఇన్ని నివేదికలు అని. పొరల మధ్య ఒప్పందానికి ఒక పంక్తి ఉండదు. మూడేళ్లకో ఐదేళ్లకో కాంట్రాక్టర్ మారతాడు. పాతవాడు సోర్సు కోడ్ అప్పగించి వెళతాడు, ఏ గట్టు ఎందుకు ఉందో అప్పగించడు. 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ జారీ చేసిన ఆదేశాల ప్రకారం భద్రతా సంఘటన జరిగితే ఆరు గంటల్లో తెలియజేయాలి. మంచిదే. అది పేలుడు తర్వాత ఫోన్ చేయడం గురించి. టెండరులోనే మరో మూడు మాటలు రాయవచ్చు. పొరల నియమాలు యంత్రం నడపగల పరీక్షలుగా కోడ్‌తో పాటు అప్పగించాలి. ప్రతి విడుదలకూ ఆ పరీక్షల ఫలితం, ఇచ్చిన మినహాయింపుల జాబితా, మినహాయింపు ఇచ్చిన అధికారి హోదా జతపరచాలి. ప్రతి డేటాబేస్ పట్టికకూ ఒక్క యజమాని ఉండాలి. ఇది మిగతా పనులు వాయిదా వేసి చేయాల్సినంత పెద్ద పనేమీ కాదు. కొత్త కాంట్రాక్టర్ వచ్చిన మొదటి వారంలో ఆ పరీక్షలు నడిపితే, తనకు అప్పగించింది పొడి గ్యాసో తడి గ్యాసో సంతకం పెట్టక ముందే తెలిసిపోతుంది.